పేగులో 9 మిల్లీమీటర్ల గడ్డ: నా అనుభవం

నా చిన్నపేగు చివరి భాగంలో దొరికిన గడ్డ కొలత 9 మిల్లీమీటర్లు. దాని పక్కనే, పేగును పట్టి ఉంచే పొరలో ఉబ్బిన లింఫ్ గ్రంథి 26 మిల్లీమీటర్లు. కాలేయంలో మరికొన్ని చుక్కలు. ఏళ్ల తరబడి పిల్లలకు లెక్కలు చెబుతున్న నాకు ఈ అంకెలు ఒకదానితో ఒకటి పొసగలేదు. సెంటీమీటరు కూడా లేని గడ్డ తనకన్నా రెండున్నర రెట్లకు మించిన గ్రంథిని ఎలా తయారుచేసింది? అంత చిన్నగా ఉండగానే కాలేయం దాకా ఎలా వెళ్లింది? డాక్టర్లను నేను అడిగిన మొదటి ప్రశ్నలు ఇవే. ఆ జవాబులు నాకు ధైర్యం ఇచ్చాయి కాబట్టి, నా కథతో పాటు వాటినీ ఇక్కడ రాస్తున్నాను.

మాది కావలి. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. మావారు ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. అన్నయ్యకు తుమ్మలపెంట వైపు రొయ్యల గుంటలున్నాయి. వైద్యంతో సంబంధం ఉన్నవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. హార్మోన్లు వదిలే కణాల్లో పుట్టే ఈ గడ్డకు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ అనే పేరు ఉందని మొదటిసారి విన్న రోజున, తెలుగులో దాని గురించి చదువుకుందామంటే నాకు రెండు పేరాలకు మించి దొరకలేదు.

నొప్పితోనే మొదలైంది. భోజనం చేసిన గంటకో గంటన్నరకో బొడ్డు చుట్టూ మెలిపెట్టి లాగేది. కాసేపు ఉండి, కడుపులో గడబిడ శబ్దం వచ్చి, తగ్గిపోయేది. పెళ్లి భోజనం చేసిన రోజునో, సంక్రాంతికి పుట్టింట్లో అరిసెలూ చేపల పులుసూ కడుపునిండా తిన్న రోజునో తప్పకుండా వచ్చేది. సగం కడుపుకు తింటే రాదు. గ్యాస్ అన్నారు, అల్సర్ అన్నారు, పేగు కదలికలో తేడా అన్నారు. ప్రతిదానికీ ఒక మాత్ర ఇచ్చారు. నొప్పి తనంతట తానే వచ్చి పోయే రకం కాబట్టి ఏ మాత్ర వేసుకున్నా పనిచేసినట్టే కనిపించేది. చిన్నపేగు గడ్డలున్న చాలామందికి ఇలాగే జరుగుతుందని తరువాత తెలిసింది. మొదటి నొప్పికీ జబ్బు బయటపడడానికీ మధ్య ఏళ్లు గడిచిపోతాయి.

ఆ తరువాత విరేచనాలు. పొద్దున బడికి బయలుదేరే వేళ కంగారుతో అనుకుందామంటే, అర్ధరాత్రి నిద్రలేచి కూడా వెళ్లాల్సి వచ్చేది. వాటితో పాటే ముఖంలో వేడి. చెవుల దగ్గర మొదలై బుగ్గలు, మెడ, గుండెల పైభాగం వరకు ఒక్కసారిగా సెగ పాకేది. యాభై దాటిన ఆడదానికి ముఖంలో ఆవిర్లు వస్తున్నాయంటే ఎవరైనా ముట్లు ఆగే వయసు అనే అంటారు. మా అమ్మా అలాగే అంది, నాకు మందులిచ్చిన డాక్టరమ్మా అలాగే అన్నారు. నాది చామనఛాయ కావడంతో ముఖం ఎర్రబడటం అద్దంలో నాకే కనిపించేది కాదు. పుస్తకాల్లో ఉండే ఎర్రటి ముఖాల బొమ్మలన్నీ తెల్లవాళ్లవి. మన ఒంటి రంగుకు అది రంగుగా కనిపించదు, వేడిగా తెలుస్తుంది. ఈ సంగతి మన ఆడవాళ్లందరికీ తెలియాలని నా కోరిక.

చివరికి ఆ తేడాను పట్టుకున్నది చెన్నైలోని డాక్టరు గారు. "వేడి వచ్చినప్పుడు చెమట పడుతుందా అమ్మా?" అని అడిగారు. పట్టదన్నాను. ముట్లు ఆగేటప్పుడు వచ్చే ఆవిర్లు సాధారణంగా ఒళ్లంతా చెమట పట్టించి వదులుతాయట. ఈ జబ్బులో వచ్చేది ఎక్కువగా పొడి వేడి. కారం ఎక్కువైనా, కడుపునిండా తిన్నా, కోపం వచ్చినా మొదలవుతుంది. నాకు సరిగ్గా అలాగే ఉండేది. ఆవకాయ అన్నం తిన్న రోజున నేను ఫ్యాను కింద నుంచి కదిలేదాన్ని కాదు.

కానీ చెన్నై దాకా వెళ్లడానికి ముందు నెల్లూరులో జరిగినది చెప్పాలి. ఎండోస్కోపీ చేశారు, బాగుంది. కొలనోస్కోపీ చేశారు, అదీ బాగుంది. రెండు పరీక్షలూ బాగున్నాయంటే లోపల ఏమీ లేనట్టే అని ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. నోటి నుంచి వెళ్లే గొట్టం చిన్నపేగు మొదటి భాగం దగ్గర ఆగుతుంది. కింది నుంచి వెళ్లేది పెద్దపేగు అంతా చూసి, మహా అయితే చిన్నపేగు చివరి కొన్ని అంగుళాలు చూస్తుంది. మధ్యలో దాదాపు ఆరు మీటర్ల పేగు రెండు గొట్టాలకూ అందకుండా ఉండిపోతుంది. నా గడ్డ ఆ మధ్యలోనే ఉంది. నొప్పి తగ్గడం లేదని మళ్లీ వెళ్లినప్పుడు, నెల్లూరులోనే ఒక యువ డాక్టరు "ఇంకోసారి ఎండోస్కోపీ వద్దు, రంగు మందు ఎక్కించి సీటీ తీద్దాం" అన్నాడు. నా ప్రాణం మీద అతనికి హక్కుంది అనుకుంటాను. నొప్పి వస్తున్న తీరును మొదటి నుంచి చివరిదాకా కూర్చుని విన్నది అతనొక్కడే.

సీటీలో కనిపించింది గడ్డ కాదు, గ్రంథి. పేగును వెనుక గోడకు కలిపి పట్టి ఉంచే మెసెంటరీ అనే పొరలో ఒక ముద్ద, దాని నడుమ సున్నం పేరుకున్న మచ్చ, చుట్టూ పీచు. ఆ పీచు అన్ని వైపుల నుంచీ పేగును తన దగ్గరికి లాగి ముడతలు పడేలా చేసింది. గడ్డ కణాలు విడుదల చేసే సెరటోనిన్, మరికొన్ని రసాయనాలు ఆ పొరను గట్టిపరిచి ముడుచుకుపోయేలా చేస్తాయట. భోజనం తరువాత నాకు వచ్చిన నొప్పంతా అదే. సన్నబడిన మెలికలోంచి అన్నం దిగడానికి పేగు పడుతున్న పాటు అది. అసలు గడ్డ సీటీలో కనిపించనే లేదు. రిపోర్టు చివర "కార్సినాయిడ్ అయ్యే అవకాశం" అని రాసి ఉంది. న్యూరోఎండోక్రైన్ గడ్డకు అది పాత పేరు.

ఆ రాత్రి ఇంట్లో ఫోన్లన్నీ ఇంటర్నెట్‌లో ఆ మాటే వెతికాయి. అందరికీ రెండు పేర్లే దొరికాయి. 2011లో పోయిన స్టీవ్ జాబ్స్, 2020లో పోయిన ఇర్ఫాన్ ఖాన్. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి ఫోనులో ఏడుస్తూనే ఉంది. ఇలాంటి రిపోర్టు చేతికొచ్చిన ఇళ్లన్నిటిలోనూ ఇదే జరుగుతుందని నాకు తెలుసు. అందుకే చెబుతున్నాను. జాబ్స్‌కు వచ్చింది క్లోమంలో. ఇర్ఫాన్ ఖాన్ తనది హై గ్రేడ్, అంటే వేగంగా పెరిగే రకమని 2018లో స్వయంగా రాశారు. ఒకే పేరు కింద ఉన్నా ఇవి ఒక్క జబ్బు కావు. అవయవాన్ని బట్టి, గ్రేడును బట్టి వాటి నడక పూర్తిగా మారిపోతుంది.

గ్రేడు తెలియడానికి కాలేయంలోని ఒక చుక్క నుంచి సూదితో ముక్క తీశారు. కేఐ-67 అనే పరీక్ష చేశారు. కణాల్లో ఎన్ని విభజనకు సిద్ధమై ఉన్నాయో అది శాతంలో చెబుతుంది. 3 శాతం లోపు అయితే గ్రేడ్ 1, 3 నుంచి 20 వరకు గ్రేడ్ 2, 20 దాటితే గ్రేడ్ 3. నాది 2 శాతం. ఆ కాగితం చేతికొచ్చిన రోజున జబ్బు మాట విన్నాక మొదటిసారి కడుపునిండా అన్నం తినాలనిపించింది. పేగు ఒప్పుకోదు కాబట్టి సగమే తిన్నాను.

తరువాత గాలియం స్కాన్. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నా జబ్బు పటమంతా దీనిలోనే కనిపించింది. మామూలు పెట్ స్కాన్‌లో చక్కెర లాంటి పదార్థం ఎక్కిస్తారు. వేగంగా పెరిగే క్యాన్సర్లు దాన్ని ఆబగా తాగి వెలుగుతాయి. నాలాంటి నిదానపు గడ్డలు చక్కెరను పెద్దగా పట్టించుకోవు, అందుకే ఆ స్కాన్‌లో తప్పించుకోవచ్చు. వీటి కణాల మీద సొమాటోస్టాటిన్ అనే హార్మోను పట్టుకునే గ్రాహకాలు దండిగా ఉంటాయి. సొమాటోస్టాటిన్‌ను 1973లో రోజర్ గిల్లెమిన్ ప్రయోగశాలలో కనుక్కున్నారు. దాన్ని పోలిన ఒక చిన్న అణువుకు గాలియం-68 అనే రేడియోధార్మిక పదార్థం తగిలించి నరంలోకి ఎక్కిస్తే, అది వెళ్లి ఆ గ్రాహకాలకు అతుక్కుంటుంది. గాలియం-68 సగం ఆయువు, అంటే అది సగానికి తరిగిపోయే సమయం, 68 నిమిషాలే. ఎక్కడో తయారుచేసి తీరిగ్గా పంపే వీలు లేదు. అవసరమైన వేళకే తయారుచేసి వెంటనే ఎక్కించాలి. ఎక్కించాక గంటసేపు ఒక గదిలో ఒంటరిగా కూర్చోబెట్టారు. ఆ గంటలో నేను 68 నిమిషాల లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. రాత్రి భోజనం వేళకు ఒంట్లో ఎంత మిగులుతుంది, పడుకునే వేళకు ఎంత, అని. భయం వేసినప్పుడు లెక్క నాకు ఎప్పుడూ తోడుంటుంది.

స్కాన్‌లో గ్రంథి వెలిగింది, కాలేయంలో చుక్కలు వెలిగాయి, సీటీకి అందని 9 మిల్లీమీటర్ల గడ్డ కూడా వెలిగింది. ప్లీహం, మూత్రపిండాలు కూడా వెలుగుతాయి, అది మామూలే. బొమ్మ చూడగానే మావారు బెదిరిపోతే టెక్నీషియన్ కుర్రవాడే "అవి జబ్బు కాదు సార్" అని చెప్పాడు.

నా ప్రశ్నకు జవాబు దొరికింది ఆ తరువాతి సంప్రదింపులో. మా వదిన నా పక్కనే ఉంది. "శెనగ గింజంత కూడా లేదు కదండీ, తీసేస్తే సరిపోదా?" అంది. డాక్టరు గారు ఒక తెల్లకాగితం తీసుకుని పొట్ట నుంచి మలద్వారం వరకు మొత్తం దారి గీశారు. ఒక్కో చోట పెన్నుతో చుక్క పెడుతూ చెప్పారు. అపెండిక్స్‌లో సెంటీమీటరు లోపు గడ్డ ఉంటే, అపెండిక్స్ తీసేయడంతోనే దాదాపు ఎప్పుడూ జబ్బు తీరిపోతుంది. రెండు సెంటీమీటర్లు దాటితే పెద్ద ఆపరేషన్ ఆలోచిస్తారు. పురీషనాళంలో సెంటీమీటరు లోపుది పాకడం అరుదు. గొట్టంతోనే తీసేస్తారు. రెండు సెంటీమీటర్లు దాటిన వాటిలో మాత్రం సగానికి పైగా పాకేవే. పొట్టలో ఆమ్లం ఊరడం తగ్గిపోయి, లోపలి పొర పలచబడినవాళ్లకు చిన్న చిన్నవి గుంపుగా వస్తాయి. అవి ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. అదే పొట్టలో, పొర అంతా బాగుండి ఒంటరిగా ఒక్కటే వచ్చిందంటే జాగ్రత్తపడాలి. చిన్నపేగు మొదటి భాగంలో గ్యాస్ట్రిన్ అనే, ఆమ్లాన్ని ఊరించే హార్మోను వదిలే గడ్డలు సెంటీమీటరు లేకుండానే గ్రంథులకు చేరగలవు. ఇక చిన్నపేగు చివరి భాగం. అక్కడ పెన్ను ఆపి ఆయన అన్న మాట నాకు బాగా గుర్తుంది. "ఇక్కడ కొలతను నమ్మకూడదమ్మా. సెంటీమీటరు లేని వాటితోనే గ్రంథులు నిండిపోయినవాళ్లను చాలామందిని చూశాను."

ఈ గడ్డలకు మొదట ఒక గుర్తింపు ఇచ్చినది జర్మనీలోని మ్యూనిక్‌లో పనిచేసిన పాథాలజిస్టు సీగ్‌ఫ్రీడ్ ఓబెర్న్‌డోర్ఫర్. 1907లో ఆయన వాటిని చిన్నవి, నిదానంగా పెరిగేవి, పాకనివి అని వర్ణించాడు. మరిన్ని చూశాక, 1929లో, అవి పాకగలవని తానే ఒప్పుకున్నాడు. కనిపెట్టిన మనిషికే అంతకాలం పట్టింది. మా వదిన అడిగిన ప్రశ్న అడగదగినదేనని చెప్పడానికి డాక్టరు గారు ఈ సంగతి చెప్పారు. ఆ మర్యాద నాకు నచ్చింది.

కాలేయానికి ఎలా వెళ్లాయన్నది నా రెండో ప్రశ్న. పేగు నుంచి బయలుదేరే రక్తమంతా పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికే వెళుతుంది. గడ్డ నుంచి విడిపడిన కణాలకు రక్తం దారిలో మొదటి మజిలీ అదే. మరో సంగతి నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది. గడ్డ పేగులో మాత్రమే ఉన్నంతకాలం, అది వదిలే సెరటోనిన్‌ను కాలేయం విరిచేస్తుంది. మనిషికి ముఖంలో వేడీ ఉండదు, విరేచనాలూ ఉండవు. కాలేయంలోనే చుక్కలు పుట్టాక అవి వదిలేది ఆ జల్లెడ దాటి నేరుగా గుండె కుడి వైపుకు చేరుతుంది. అప్పుడే ఆ లక్షణాలు మొదలవుతాయి. ఆ సెరటోనిన్ కుడి వైపు కవాటాలను ఏళ్ల మీద దళసరిగా మార్చగలదు. ఊపిరితిత్తులు దాన్ని చాలావరకు విరిచేస్తాయి కాబట్టి ఎడమ వైపు కవాటాలు ఎక్కువగా తప్పించుకుంటాయి. కడుపు జబ్బుకు గుండె ఎకో ఎందుకు రాశారని మొదట్లో అనుమానపడ్డాను. ఇప్పుడు ప్రతి ఏడాదీ మరిచిపోకుండా నేనే గుర్తుచేసి చేయించుకుంటాను. ఇంతవరకు కవాటాలు బాగున్నాయి.

సెరటోనిన్ ఎంత తయారవుతోందో తెలుసుకోవడానికి 24 గంటల మూత్రం పట్టి, అందులో సెరటోనిన్ విరిగితే మిగిలే పదార్థం 5-హెచ్‌ఐఏఏ కొలుస్తారు. ల్యాబ్‌లో అడుగున ఆమ్లం పోసిన డబ్బా ఇస్తారు, అది ఒంటి మీద పడకుండా చూసుకోవాలి. అంతకు మూడు రోజుల ముందు నుంచీ అరటిపండు, టమాటా, వంకాయ, అనాస, అక్రోటు తినకూడదు. వాటిలో సెరటోనిన్ ఉండి లెక్క తప్పుతుంది. టమాటా, వంకాయ లేకుండా మన వంట ఎలా అని అందరూ అడుగుతారు. నేను బీరకాయ, సొరకాయ, పెసరపప్పు, మజ్జిగతో గడిపాను. గుడిలో ప్రసాదంగా ఇచ్చిన అరటిపండు మావారికి ఇచ్చేశాను. ఈ గడ్డలు రక్తంలోకి వదిలే క్రోమోగ్రానిన్ అనే పదార్థాన్ని కొలిచే రక్తపరీక్ష కూడా చేశారు. మొదటిసారి చాలా ఎక్కువ వచ్చింది. గ్యాస్ కోసం ఏళ్లుగా వాడుతున్న మాత్రలే దాన్ని పెంచుతాయని, అవి ఆపి మళ్లీ చేయించమన్నారు. రెండోసారి సగానికి పైగా తగ్గింది. గ్యాస్ మాత్రలు వాడేవాళ్లు ఈ పరీక్షకు ముందే ఆ మాట డాక్టరుతో చెప్పాలి. ఎక్కువ అంకె చూసి ఊరికే గుండె జారిపోకూడదు.

కాలేయంలో ఇప్పటికే చుక్కలుండగా పేగు ఆపరేషన్ ఎందుకు అని అన్నయ్య అడిగాడు. నాకూ ఆ సందేహం ఉంది. మెసెంటరీలోని ముద్ద ఇంకా ముడుచుకుంటే పేగు పూర్తిగా మూసుకుపోవచ్చు, లేదా పేగుకు రక్తం తెచ్చే నాళాలను నొక్కేయవచ్చు అన్నారు. అత్యవసరంగా అర్ధరాత్రి చేయడం కన్నా తీరిగ్గా ఇప్పుడే చేయడం మేలని నిర్ణయించారు. మత్తు డాక్టరు గారు ముందురోజు వచ్చి చాలాసేపు మాట్లాడారు. మత్తులో గడ్డ ఒక్కసారిగా హార్మోన్లు వదిలితే రక్తపోటు పడిపోవచ్చు, అందుకు ఆ హార్మోన్లను అణచే ఆక్ట్రియోటైడ్ అనే మందు సిద్ధంగా ఉంచుకుంటామన్నారు. పళ్లు పీకించుకోవడానికి వెళ్లినా జబ్బు పేరు ముందే చెప్పమన్నారు. ఆ మాట రాసిన కార్డు ఇప్పటికీ నా పర్సులో ఉంటుంది.

ఆపరేషన్‌లో సర్జన్ గారు పేగునంతా వేళ్ల మధ్య జార్చుకుంటూ అంగుళం అంగుళం తడిమి చూశారట. ఏ స్కాన్‌కూ అందని మరో రెండు గడ్డలు, 4 మిల్లీమీటర్లది ఒకటి, 3 మిల్లీమీటర్లది ఒకటి, ఆయన వేళ్లకే తగిలాయి. చిన్నపేగులో ఇవి ఒకటికి మించి ఉండటం అరుదు కాదట. యంత్రాలు ఇన్ని ఉన్న కాలంలో ఒక మనిషి వేళ్లు వాటిని పట్టుకున్నాయని తలచుకుంటే నాకు ఇప్పటికీ చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది. చిన్నపేగు చివరి భాగం, దానికి ఆనుకున్న పెద్దపేగు మొదలు, గ్రంథుల ముద్ద, అన్నీ తీశారు. తరువాత వాడబోయే ఇంజెక్షన్ వల్ల రాళ్లు వచ్చే అవకాశం ఉందని పిత్తాశయమూ తీసేశారు.

కోలుకోవడం గురించి ఎక్కువ చెప్పేది లేదు, అన్ని పొట్ట ఆపరేషన్ల లాంటిదే. కానీ చిన్నపేగు చివరి భాగం పోతే రెండు పనులు ఆగిపోతాయి. ఒకటి బీ12 విటమిన్ పీల్చుకోవడం, దానికి ఇంజెక్షన్లు తీసుకుంటున్నాను. రెండోది పిత్తరసంలోని లవణాలను తిరిగి పీల్చుకోవడం. అవి పెద్దపేగులోకి వెళ్లి నీళ్ల విరేచనాలు చేయిస్తాయి. జబ్బు తిరగబడిందని నేను హడలిపోయాను. అది జబ్బు విరేచనం కాదు, పిత్తరసం విరేచనం అని తేల్చి ఒక పొడి ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే తేడా తెలిసింది. మళ్లీ విరేచనాలు మొదలైతే కంగారుపడే ముందు ఏ రకమో అడగండి.

ఇప్పుడు నా వైద్యం ప్రతి 28 రోజులకు ఒక ఇంజెక్షన్. మన ఒంట్లో సహజంగా ఊరే సొమాటోస్టాటిన్ రెండు మూడు నిమిషాల్లో కరిగిపోతుంది. దాన్ని పోలిన ఆక్ట్రియోటైడ్‌ను సూక్ష్మమైన గోళీల్లో నింపి నెల పొడవునా కొద్దికొద్దిగా వదిలేలా తయారుచేశారు. పిరుదు కండరంలోకి లోతుగా ఇస్తారు, ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. ఇది హార్మోన్లను అణచడమే కాదు, గడ్డ పెరుగుదలనూ నెమ్మదింపజేస్తుందని 2009లో జర్మనీ పరిశోధకులు ప్రచురించిన ప్రామిడ్ అధ్యయనం చూపింది. మందు తీసుకున్నవాళ్లలో జబ్బు పెరగకుండా ఉన్న కాలం మధ్యగతంగా 14.3 నెలలు, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 6 నెలలు. మధ్యగతమంటే సరిగ్గా సగంమంది దాన్ని దాటుతారని నా పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. నేను ఆ సగంలో ఉండి చాలాకాలమైంది.

ఈ ఇంజెక్షన్‌తో కావలిలో పెద్ద చిక్కు ఎండ. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. నెల్లూరు నుంచి తెచ్చేటప్పుడు, రోహిణి కార్తెలో కరెంటు పోయినప్పుడు దాన్ని కాపాడుకోవడం ఒక యజ్ఞం. అన్నయ్య రొయ్యలు పంపే థర్మాకోల్ పెట్టె కొత్తది ఒకటి తెచ్చిచ్చాడు. మందు ఐసుకు నేరుగా తగిలి గడ్డకట్టకుండా మధ్యలో మడతపెట్టిన తువ్వాలు వేస్తాం. ఇచ్చే రోజున ఫ్రిజ్ నుంచి తీసి గది వేడికి వచ్చేదాకా ఆగాలి. పొడి మొత్తం తడిసేదాకా కదపకూడదు, ఆ తరువాత మెల్లగా కలపాలి, కలిపిన వెంటనే ఇచ్చేయాలి. ఆలస్యమైతే సూది మూసుకుపోతుంది, అంత ఖరీదైన మందూ వృథా అవుతుంది. మా వీధి చివర ఉండే నర్సమ్మ చెన్నై వాళ్లు ఇచ్చిన కాగితాన్ని నా చేత తెలుగులోకి రాయించుకుని, మొదటిసారి నా ముందే రెండుసార్లు చదివి, అప్పుడు ముట్టుకుంది. ఇప్పటికీ ఆమె చేతి మీదే నడుస్తోంది. మన దేశంలో తయారయ్యే రకం దొరకడం వల్లే మేము ఖర్చు తట్టుకోగలుగుతున్నాం.

కాలేయంలోని చుక్కలు అలాగే ఉన్నాయి. చివరి స్కాన్‌లో ఒక్కటి మిల్లీమీటరు పెరిగినట్టు రాశారు. అంత తేడా కొలిచే చేతిని బట్టి కూడా వస్తుందన్నారు. ఒకవేళ నిజంగా పెరిగితే తరువాతి మెట్టు రేడియోధార్మిక లుటీషియంతో చేసే చికిత్స. గాలియం వెళ్లి అతుక్కున్న చోటికే లుటీషియం-177ను పంపుతారు. అది అక్కడే ఉండి కణాలను లోపలి నుంచి కాలుస్తుంది. చిన్నపేగు మధ్య, చివరి భాగాల గడ్డలున్నవాళ్ల మీద జరిగిన నెటర్-1 అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాక అది ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది. ఎనిమిది వారాల ఎడంతో నాలుగు విడతలు ఇస్తారు. మార్కాపురం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నాకు స్కాన్ రోజున పరిచయమయ్యారు, ఆయన అది చేయించుకున్నారు. లుటీషియం కన్నా, మూత్రపిండాలను కాపాడటానికి దానితో పాటు ఎక్కించే అమైనో ఆమ్లాల సెలైన్‌కే ఎక్కువ వాంతులయ్యాయని చెప్పారు. ఇంటికొచ్చాక కొన్నాళ్లు మనవళ్లను దూరంగా ఉంచడం అన్నిటికన్నా కష్టమైందట. ఇప్పుడు పొలం పనులు మళ్లీ చూసుకుంటున్నారు.

నా సంగతి తెలిసినవాళ్లు రిపోర్టులు పట్టుకుని ఫోన్ చేస్తుంటారు. నేను డాక్టరును కాను కాబట్టి వైద్యం చెప్పను, ఏ ప్రశ్నలు అడగాలో మాత్రం చెబుతాను. గడ్డ ఏ భాగంలో ఉంది, కేఐ-67 ఎంత, తీసిన ముక్క అంచులు గడ్డ కణాలు లేకుండా శుభ్రంగా ఉన్నాయా, గ్రంథులను చూశారా, గాలియం స్కాన్ అవసరమా. కొలత గురించి వాళ్లే ముందు చెబుతారు, నేను చివరన అడుగుతాను. మొన్న ఒంగోలు నుంచి మా పాత హెడ్‌మాస్టరు గారు ఫోన్ చేశారు. కొలనోస్కోపీలో తీసిన చిన్న బొడిపె న్యూరోఎండోక్రైన్ అని వచ్చిందట, 6 మిల్లీమీటర్లు, పురీషనాళంలో, గ్రేడ్ 1. ఇంట్లో అందరూ నా కథ తలచుకుని లుటీషియం ఎక్కడ ఇస్తారో వెతుకుతున్నారు. మీది నాది కాదు మాస్టారూ, ఆ చోట అంత చిన్నది పాకడం అరుదు, ముందు అంచుల సంగతి కనుక్కోండి అని చెప్పాను. అంచుల్లో కణాలు మిగిలాయా లేదా అన్నది ఆ రిపోర్టులో రాయనే లేదు. స్లైడ్లు మళ్లీ చూపించడానికి వాళ్లబ్బాయి సోమవారం ల్యాబ్‌కు వెళుతున్నాడు.